వేదిక ఎవరిది? - న్యూపోర్టు జాజ్ ఉత్సవంపై ఒక పరిశీలన

జాజ్ సంగీతాన్ని గురించి మన అభ్యుదయ పాఠకులలో రెండు అభిప్రాయాలు వున్నాయి. అది అమెరికా ధనికుల విలాస సంగీతమనీ, హోటళ్ళలో తాగి గంతులేసేవారికి తప్ప శ్రామిక ప్రజలకు దానితో పనిలేదనీ కొందరు అంటారు. అది నల్లజాతి బానిసల గుండెల్లోంచి పుట్టింది గనక సహజంగానే ప్రజాకళ అనీ, ఎక్కడ వినిపించినా మనం చప్పట్లు కొట్టవలసిందేననీ మరికొందరు అంటారు. పైకి ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ ఒకే లోపం వుంది. సంగీతాన్ని వాయించి పొట్టపోసుకునే మనిషి ఈ వాదాలలో ఎక్కడా కనపడడు. అతనికి కూలి ఎవరిస్తారు, ఎంతసేపు వాయించాలో ఎవరు నిర్ణయిస్తారు, అతడు వాయించినదాన్ని ఎవరు అమ్ముకుంటారు - ఈ ప్రశ్నలు వేయకుండా ఒక కళను ప్రజలదనిగాని, ధనికులదనిగాని తేల్చివేయటం తొందరపాటు అవుతుంది.

ఈ మాటను పరీక్షించటానికి అమెరికాలోని న్యూపోర్టు నగరంలో 1954లో ఆరంభమైన జాజ్ ఉత్సవాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. నేను ఆ ఊరు చూడలేదు. ఉత్సవంలో రికార్డయిన సంగీతం, అక్కడ తీసిన చలనచిత్రం, అచ్చయిన చరిత్ర - ఇవే నాకు ఆధారాలు.

మొదటి అభిప్రాయానికి పెద్ద దన్ను గోర్కీ. 1928 ఏప్రిల్‌లో ప్రావ్దా పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసం పేరే 'బలిసినవారి సంగీతం'. ఇటలీలోని సొరెంటోలో వుండగా పక్క హోటలునుంచి రాత్రిపూట వినవచ్చిన నాట్యసంగీతం ఆయనకు వెగటు పుట్టించింది. 'అమ్మ' నవల చదివి కళ్ళు తెరిచినవాళ్ళం. గోర్కీ మాటను తేలిగ్గా తోసివేయలేము. అయినా ఆయన విన్నదేమిటో చూడాలి. ధనికుల హోటలులో, ధనికుల నాట్యంకోసం ఏర్చిపెట్టిన సంగీతం ఆయన విన్నాడు. హోటలు ఎవరిదో ఆయన సరిగానే గుర్తించాడు. కాని హోటలును, సంగీతాన్ని విడదీసి చూడలేదు. తరువాతి తరంలో ఆ పని చేసినవారిలో మార్క్సిస్టు చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ముఖ్యుడు. ఆయన ఫ్రాన్సిస్ న్యూటన్ అనే మారుపేరుతో జాజ్ విమర్శలు రాసి, 1959లో ఒక గ్రంథమే వెలువరించాడు. ఆ మారుపేరుకు మూలం ఫ్రాంకీ న్యూటన్ అనే ఒక కమ్యూనిస్టు ట్రంపెట్ వాద్యకారుడు. జాజ్‌ను వాయించేవారిలోనే వర్గ చైతన్యం వున్నవాళ్ళున్నారని ఆ పేరే గుర్తుచేస్తుంది.

ఇక న్యూపోర్టు. రోడ్ ఐలండు రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున వున్న ఈ నగరం పద్దెనిమిదవ శతాబ్దంలో బానిస వ్యాపారానికి పెద్ద రేవు. కరీబియన్ దీవులనుంచి చెరకుపాకం తెచ్చి ఇక్కడ రమ్ము కాచేవారు. ఆ రమ్మును ఆఫ్రికా తీరానికి పంపి మనుషులను కొనేవారు. ఆ మనుషులను చెరకుతోటలకు అమ్మి మళ్ళీ పాకం తెచ్చేవారు. 1709కీ 1807కీ మధ్య రోడ్ ఐలండు ఓడలు తొమ్మిది వందలకు పైగా యాత్రలు చేసి, లక్షమందికి పైగా ఆఫ్రికన్లను బానిసత్వంలోకి మోసుకుపోయాయని చరిత్రకారులు లెక్క తేల్చారు. పందొమ్మిదవ శతాబ్దం చివర అదే తీరాన కోటీశ్వరులు వేసవి భవనాలు కట్టుకున్నారు. రైల్వేల మీద గడించిన వాండర్‌బిల్ట్ కుటుంబం 1895లో పూర్తిచేసిన 'బ్రేకర్స్' భవనంలో 70 గదులున్నాయి. ఏ రేవునుంచి వారి ముత్తాతలను కొనటానికి ఓడలు కదిలాయో, ఆ రేవుకే మునిమనుమలు వాద్యాలు పట్టుకుని పిలుపు మీద వచ్చారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని తరువాతి కథ చదవాలి.

ఉత్సవానికి పూనుకున్నవారు ఎలైన్, లూయీ లొరిలార్డ్ దంపతులు. లొరిలార్డులు తరతరాల పొగాకు వ్యాపార కుటుంబం. నిర్వహణ భారం వహించినవాడు బోస్టనులో స్టోరీవిల్ అనే జాజ్ క్లబ్బు నడుపుతున్న జార్జి వీన్. 1954 జూలై 17, 18 తేదీలలో, టెన్నిస్ ఆటలకు పేరుపడ్డ న్యూపోర్టు కాసినో పచ్చికమీద బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడారు. డిజ్జీ గిలెస్పీ, ఆస్కార్ పీటర్సన్ మొదలైనవారు వాయించారు. రెండు రోజుల్లో పదివేలమందికి పైగా శ్రోతలు వచ్చారు. అప్పటిదాకా ఎక్కువగా క్లబ్బుల పొగలో, గ్లాసుల చప్పుడు మధ్య వాయించుకునే ఈ కళకు ఆరుబయట, ప్రత్యేకించి వినటానికే వచ్చిన వేలాది శ్రోతల ముందు నిలిచే గౌరవం దక్కింది. ఈ లాభాన్ని తక్కువ చేసి చెప్పటం అన్యాయం. మరుసటి సంవత్సరం ఉత్సవం ఫ్రీబాడీ పార్కుకు మారింది. అక్కడ కౌంట్ బేసీ బృందానికీ, డేవ్ బ్రూబెక్ బృందానికీ మధ్య కాస్తంత వ్యవధిలో వాయించిన మైల్స్ డేవిస్ సంగీతం కొలంబియా రికార్డు కంపెనీని అతని వైపు తిప్పింది.

వేదిక ఎంత ఇస్తుందో, ఎంత తీసుకుంటుందో 1956లో ఎల్లింగ్టన్ కచేరీ తేటతెల్లం చేసింది. డ్యూక్ ఎల్లింగ్టన్ 1937లో 'డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ' అనే రచన చేశాడు. ఆనాటి గ్రామఫోను పలకకు ఒక్కొక్క వైపు మూడు నిమిషాలు. అందుచేత ఒకే రచనను రెండు ముక్కలు చేసి రెండు వైపులా ముద్రించారు. సరుకు కొలత కళ కొలతను నిర్ణయించటమంటే ఇదే. 1956 జూలై 7 రాత్రి న్యూపోర్టులో ఎల్లింగ్టన్ బృందం ఎనిమిదిన్నర ప్రాంతాన రెండు మూడు రచనలు వాయించి దిగిపోయి, మళ్ళీ వేదిక ఎక్కటానికి అర్ధరాత్రి దాకా కాచుకోవలసి వచ్చింది. జనం లేచి ఇళ్ళకు వెళ్ళటం మొదలైన ఆ వేళ, ఆ రెండు ముక్కల మధ్య సందులో పాల్ గొన్సాల్వెజ్ సాక్సఫోన్ అందుకున్నాడు. 12 తాళఖండాల బ్లూస్ ఆవర్తనాన్ని వరుసగా 27 సార్లు, ప్రతిసారీ కొత్తగా కల్పిస్తూ ఆరు నిమిషాలకు పైగా వాయించాడు. మన కచేరీలో విద్వాంసుడు కల్పనస్వరం వేస్తూ పల్లవి ఎత్తుగడకు తిరిగి తిరిగి వచ్చినట్లే, అతడు ఒకే చట్రంలోకి మళ్ళీ మళ్ళీ వస్తాడు. వేగం పెంచడు, గొంతు చించుకోడు. నిలకడగా ఒత్తిడి పెంచుతూ పోతాడు. వేదిక అంచున నిలబడిన పాతకాపు డ్రమ్స్ విద్వాంసుడు జో జోన్స్, చుట్టగా చుట్టిన వార్తాపత్రికతో తాళం కొడుతూ బృందాన్ని ఉరికించాడు. ఆ రాత్రి ఆ కార్యక్రమంలో జోన్స్‌కు పాత్ర లేదు. తోటి పనివాడి పనిని తన పనిగా తలచి అతడు తాళం పట్టాడు. వెళ్ళిపోతున్న జనం తిరిగివచ్చి కుర్చీలెక్కారు. అల్లరి రేగుతుందేమోనని నిర్వాహకులకు భయం పట్టుకుంది.

ఆ రాత్రి ఎల్లింగ్టన్‌కు పూర్వవైభవం తెచ్చింది. మరుసటి నెలలో టైమ్ పత్రిక అతని బొమ్మను ముఖపత్రంమీద వేసింది. కాని రికార్డు కథ వేరు. కొలంబియా కంపెనీ రెండు రోజుల తరువాత బృందాన్ని స్టూడియోకు పిలిపించి చాలా భాగం మళ్ళీ వాయింపించి, చప్పట్లు అతికించి, న్యూపోర్టు కచేరీ పేరుతో అమ్మింది. అతని రికార్డులన్నింటిలోకీ అదే ఎక్కువగా అమ్ముడుపోయింది. గొన్సాల్వెజ్ ఆ వేళ కంపెనీ మైకుకు బదులు పక్కనున్న మరో మైకులోకి వాయించాడు. అది వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. ఆ రేడియో టేపు దొరికాక, దాన్ని కలిపి 1999లో అసలు కచేరీని విడుదల చేశారు. అంటే ఒక పనివాడి ఆరు నిమిషాల శ్రమ చుట్టూ ఇద్దరు యజమానులు చేరారు. ఒకరు దాన్ని అమ్ముకోదలచారు. మరొకరు దాన్ని అమెరికా ప్రభుత్వం తరఫున ప్రపంచానికి ప్రసారం చేయదలచారు.

ఈ రెండవ యజమాని సంగతి కొంచెం వివరించాలి. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికాలో స్వేచ్ఛ వెల్లివిరుస్తోందని చాటటానికి ఆ ప్రభుత్వం జాజ్‌ను వాడుకుంది. 1955లో విల్లిస్ కానొవర్ జాజ్ ప్రసారాలు ఆ రేడియోలో మొదలయ్యాయి. అతడే న్యూపోర్టు వేదికపై వ్యాఖ్యాత కూడా. 1956లో గిలెస్పీ బృందాన్ని కరాచీ, ఢాకాల దాకా పంపారు. 1958లో బ్రూబెక్, 1963లో ఎల్లింగ్టన్ అలాగే మన దేశానికి వచ్చారు. ఆ ఏడాది నవంబరులో కెనెడీ హత్యతో ఎల్లింగ్టన్ యాత్ర మధ్యలో ఆగిపోయింది. ఈ యాత్రలు ఒట్టి ప్రచారమే అని కొట్టివేయను. బ్రూబెక్ 'కలకత్తా బ్లూస్' రాశాడు. ఎల్లింగ్టన్ యాత్రలోంచి ఒక మంచి సంగీతమాలిక పుట్టింది. కాని పంపినవారి లెక్క ఎక్కడ తప్పిందో గమనించాలి. 1957 జూలై 4న న్యూపోర్టు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జన్మదినోత్సవం జరిపింది. ఆ సెప్టెంబరులోనే, లిటిల్ రాక్ పట్టణంలో నల్లజాతి పిల్లలను బడిలోకి రానివ్వకుండా గవర్నరు సైనికులను నిలిపినప్పుడు, ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తలపెట్టిన సోవియట్ యాత్రకు వెళ్ళనని బహిరంగంగా చెప్పాడు. చిరునవ్వుకు పేరుపడిన ఆ మనిషి నోట ఆ మాట వస్తుందని ప్రభుత్వం అనుకోలేదు.

ధనిక నగరం ఈ కళాకారులను ఎలా చూసిందో తెలియాలంటే బెర్ట్ స్టెర్న్ చిత్రం 'జాజ్ ఆన్ ఎ సమ్మర్స్ డే' చూడాలి. 1958 ఉత్సవాన్ని తీసిన ఈ చిత్రం కంటికి చాలా అందంగా వుంటుంది. మహాలియా జాక్సన్ పాడుతుండగా ఆమె ముఖంమీద నిలిచిన కెమెరా గొప్ప పని చేసింది. కాని థెలోనియస్ మంక్ పియానో వాయిస్తుంటే తెరమీద ధనికుల తెరచాప పడవల పందెం కనిపిస్తుంది. మంక్ సంగీతం ఆగి ఆగి, తప్పుటడుగు వేసినట్లే వేసి సరిగ్గా దిగే సంగీతం. కన్ను తిప్పుకోకుండా వినవలసినది. దానిని పడవల వెనుక నేపథ్యంగా పరిచారు. ఆ ఏడాది అక్కడే వాయించిన ఎల్లింగ్టన్, డేవిస్ చిత్రంలో కనిపించరు. ఛాయాగ్రాహకుడి నేర్పును నేను శంకించటం లేదు. అతని కన్ను ఎవరి వేసవిని చూస్తున్నదో చెబుతున్నాను.

ఈ అసంతృప్తి 1960లో బద్దలయింది. డబుల్ బాస్ విద్వాంసుడు చార్లెస్ మింగస్, డ్రమ్స్ విద్వాంసుడు మాక్స్ రోచ్ కలిసి, అసలు ఉత్సవం జరిగే రోజులలోనే, అదే ఊళ్ళో, సముద్రపు ఒడ్డున వున్న క్లిఫ్ వాక్ మేనర్ అనే హోటలు ఆవరణలో పోటీ ఉత్సవం పెట్టారు. పేరుమోసిన కొద్దిమందికి పెద్ద మొత్తాలు ముట్టజెప్పి తక్కినవారికి చిల్లర విదిలిస్తున్నారన్నదీ, సంగీతాన్ని వదిలి జనాకర్షణ బాట పట్టారన్నదీ వారి ఆరోపణలు. వేదిక కట్టటం, కంచె వేయటం, టిక్కెట్లు అమ్మటం, ఊళ్ళో తిరిగి చాటింపు వేయటం అన్నీ వాద్యకారులే చేసుకున్నారు. ఎల్లింగ్టన్ బృందానికి పత్రికతో తాళం కొట్టిన జో జోన్స్ ఇక్కడికి వచ్చాడు. 1904లో పుట్టిన కోల్‌మన్ హాకిన్స్, 1930లో పుట్టిన ఓర్నెట్ కోల్‌మన్ ఒకే పందిరిలో వాయించారు. పాతవాళ్ళు, కొత్తవాళ్ళు అని విమర్శకులు గీసిన గీతలు, పనివాళ్ళు తమ వేదికను తామే కట్టుకున్నప్పుడు చెరిగిపోయాయి. నాకు ఈ ఉత్సవంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం ఇదే.

ఇటు చిన్న పందిరిలో ఇది జరుగుతుండగా, అటు పెద్ద ఉత్సవం దగ్గర జూలై 2 రాత్రి, లోపల చోటు దొరకని వేలాది కాలేజీ కుర్రాళ్ళు బీరు మత్తులో పోలీసులమీద సీసాలు, రాళ్ళు విసిరారు. భాష్పవాయువు ప్రయోగించారు, సైనిక దళాలను పిలిపించారు. నగరపాలక సభ మిగిలిన కార్యక్రమాలను రద్దుచేసింది. ఆదివారం మధ్యాహ్నపు బ్లూస్ కార్యక్రమం ఒక్కటి జరగనిచ్చారు. మడ్డీ వాటర్స్ బృందం వాయించిన ఆ వేదికమీదనే, ఉత్సవ సంఘ సభ్యుడైన కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అప్పటికప్పుడు 'గుడ్‌బై న్యూపోర్ట్ బ్లూస్' అనే వీడ్కోలు పాట రాసి ఇస్తే, పియానో విద్వాంసుడు ఓటిస్ స్పాన్ పాడాడు. మన కవులకు ప్రియమైన హ్యూస్ ఆ వేళ చేసిన పని చిన్నదే. కాని ఉత్సవం కూలిన తరువాత దాని అర్థం చెప్పటానికి మిగిలింది బ్లూస్ పాటే అన్న నిజం అందులో వుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. జార్జి వీన్ జాత్యహంకారి కాదు గదా, 1959లో అతడు పెళ్ళాడింది నల్లజాతి స్త్రీనే గదా, తానూ పియానో వాయించేవాడే గదా, అలాంటివాణ్ణి దోపిడీదారు అనవచ్చునా అని. నిజమే. వీన్ మంచివాడన్నంత మాత్రాన ప్రశ్న తీరదు. యజమాని మంచితనంమీద ఆధారపడి బతకవలసి రావటమే పనివాడి ఇబ్బంది. మింగస్, రోచ్ అడిగినది దయ కాదు; ఎవరు, ఎంతసేపు, ఎంతకు వాయించాలో నిర్ణయించే అధికారంలో తమ వాటా. దీనికి మరొక రుజువు వుంది. 1963లో ఇదే న్యూపోర్టులో జానపద సంగీతోత్సవాన్ని పీట్ సీగర్ మొదలైన గాయకులే సభ్యులుగా వున్న లాభాపేక్షలేని సంస్థకింద నడిపారు. ఎంత పేరున్నవారికైనా, ఎవరికీ తెలియని పల్లె గాయకుడికైనా ప్రయాణం, బస ఇచ్చి తలా 50 డాలర్లే పారితోషికం. దానికీ నిర్వహణలో తోడ్పడినవాడు జార్జి వీనే. అదే ఊరు, అదే మనిషి. ఏర్పాటు మారేసరికి ఫలితం మారింది.

తిరుగుబాటుదారుల బలహీనతలను కూడా దాచనక్కరలేదు. వారి ఉత్సవానికి వచ్చిన శ్రోతలు తక్కువ. ఆ తరువాత స్థాపించిన జాజ్ కళాకారుల సంఘం కొద్దికాలానికే చెదిరిపోయింది. సొంత వేదిక కట్టినా నేల మరొకరిది. ఒక హోటలు యజమాని స్థలం ఇస్తేనే అది సాధ్యమయింది. కూలి తగాదానుంచి స్థిరమైన సంఘానికి నడిచే దారి పొడవైనది. ఉత్సాహం ఒక్కటే ఆ దారి నడిపించదు. ఇది మన రచయితల, నటుల సంఘాలకూ అనుభవమే.

అయినా ఆ నాలుగు రోజుల ఫలితం లెక్కల పుస్తకంలోకన్నా సంగీతంలో ఎక్కువగా కనిపిస్తుంది. లిటిల్ రాక్ గవర్నరును ఎద్దేవా చేస్తూ మింగస్ చేసిన 'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్' 1959లో కొలంబియా విడుదల చేసిన రికార్డులో మాటలు లేకుండా వుంది. 1960లో కాండిడ్ అనే చిన్న కంపెనీకి అదే రచనను వాయించినప్పుడు మాటలు వినిపించాయి. అదే కంపెనీకి, ఉత్సవం ముగిసిన రెండు నెలలకు, మాక్స్ రోచ్ 'వి ఇన్‌సిస్ట్' రికార్డు చేశాడు. ఆస్కార్ బ్రౌన్ సాహిత్యం, ఆబీ లింకన్ గానం. రికార్డు అట్టమీద ఫలహారశాల బల్ల దగ్గర కూర్చున్న నల్లజాతి యువకులు. ఆ ఏడాది ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో మొదలైన సత్యాగ్రహానికి అది సూచన. చివరి భాగం షార్ప్‌విల్‌లో కాల్పులకు బలైన దక్షిణాఫ్రికా ప్రజలకోసం. మొదటి పాట బానిసల మేస్త్రీని గురించినది. మన ఖండచాపులాగా అయిదు లెక్కల నడక. ప్రతి ఆవర్తనం మొదటి లెక్కమీద కొరడా దెబ్బలాంటి చప్పుడు. దానిమీద సాక్సఫోన్ వాయించినవాడు న్యూపోర్టు పందిరిలో నిలిచిన కోల్‌మన్ హాకిన్స్. యాభై అయిదేళ్ళ వయసులో, అంతటి పేరున్న విద్వాంసుడు, యువకుల పోరాట సంగీతంలో తన గొంతు కలిపాడు. కొరడాను పాటలో వర్ణించి వదలకుండా తాళంలోనే పెట్టటంవల్ల ఈ రచన నినాదాన్ని దాటి కళ అయింది. నినాదానికీ కళకూ గల తేడాను గురించి మన సభలలో జరిగే చర్చలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తరువాతి చరిత్ర క్లుప్తంగా చెప్పవచ్చు. వీన్ 1962లో ఉత్సవాన్ని మళ్ళీ న్యూపోర్టులో నిలిపాడు. 1971లో మరోసారి అల్లర్లు జరగగా, 1972లో అది న్యూయార్కుకు తరలిపోయింది. అక్కడా చోటు దక్కని వాద్యకారులు శామ్ రివర్స్ మొదలైనవారి చొరవతో పోటీ ఉత్సవం పెట్టారు. 1981లో న్యూయార్కు ఉత్సవానికి ఏకంగా కూల్ అనే సిగరెట్ల పేరే పెట్టారు. పొగాకు కుటుంబం డబ్బుతో మొదలైన ఉత్సవానికి పొగాకు సరుకే పేరయింది. అదే ఏడాది న్యూపోర్టులో ఉత్సవం మళ్ళీ మొదలైంది. చివరి దశలో వీన్ దాన్ని లాభాపేక్షలేని సంస్థకింద పెట్టాడు. కళాకారులను ఎంపికచేసే బాధ్యత 2016లో క్రిస్టియన్ మెక్‌బ్రైడ్ అనే నల్లజాతి డబుల్ బాస్ విద్వాంసుడికి అప్పగించారు. వీన్ 2021లో 95వ ఏట మరణించాడు. మింగస్ పట్టిన వాద్యమే పట్టిన ఒక వాద్యకారుడు ఆ స్థానానికి రావటానికి 1960నుంచి 56 ఏళ్ళు పట్టింది. ఇది పూర్తి విజయమని చెప్పను. ఎవరు వాయించాలో చెప్పే హక్కు వచ్చినంత మాత్రాన డబ్బుసంచి మీద హక్కు వచ్చినట్లు కాదు. కాని పోరాడినవారి కోర్కె అన్యాయమైనది కాదని కాలం ఒప్పుకుంది.

ఇందులో మనకు పనికివచ్చేదేమిటి? బుర్రకథను, వీధి భాగవతాన్ని, డప్పును ఉత్సవాల వేదికలమీదికి ఎక్కించినప్పుడు మనం సంతోషిస్తాము. సంతోషించవలసిందే. పల్లెకు మాత్రమే తెలిసిన కళ పదిమంది ముందుకు రావటం మేలే. అయితే మన విమర్శకులు సాధారణంగా అక్కడితో ఆగి, కళాకారుడి ప్రతిభను పొగిడి, నిర్వాహకులను అభినందించి కలం మూస్తారు. డప్పు కొట్టినవాడికి ఎంత ముట్టింది, మంత్రిగారి ఉపన్యాసానికి ఎంతసేపు పోగా అతనికి ఎంతసేపు మిగిలింది, అతని వాయిద్యాన్ని రికార్డు చేసినవారు అతని అనుమతి తీసుకున్నారా అన్నవి సంగీత విమర్శకు సంబంధం లేని ప్రశ్నలని వారు భావిస్తారు. మూడు నిమిషాల పలక ఎల్లింగ్టన్ రచనను రెండు ముక్కలు చేసిందని, సొంత పందిరి మూడు తరాల వాద్యకారులను కలిపిందని తెలిసిన తరువాత ఆ మాట నిలవదు. అవి సంగీత విమర్శ అడగవలసిన మొదటి ప్రశ్నలు. సంగీత రూపానికి కారణాలు చాలావరకు వాటి జవాబులలోనే వున్నాయి.